నాన్నకి పాత ఫోన్ ఇచ్చే ముందు

సంక్రాంతికి హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో ఊరొచ్చే పిల్లలు కొత్త బట్టలతోపాటు తాము వాడేసిన ఫోన్ కూడా తెచ్చి నాన్న చేతిలో పెడతారు. మన శ్రీకాకుళం జిల్లాలో ధాన్యం డబ్బులు ఖాతాల్లో పడే రోజులూ దాదాపు అవే. ఆ ఫోన్ రూట్ చేసిందైతే, అంటే కంపెనీ పెట్టిన అడ్డు తీసేసి సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకున్నదైతే, అందులో బ్యాంకు యాప్, ఫోన్‌పే లాంటివి వేయకండి.

మామూలు ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ దాచుకున్నది ఇంకో యాప్‌కి కనబడదు. రూట్ అనుమతి దక్కిన యాప్‌కి ఆ అడ్డు లేదు. ఓటీపీ చదవగలదు, తెర మీద మీరేం నొక్కుతున్నారో పట్టగలదు. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌కి కొత్త ఆండ్రాయిడ్ ఎక్కిద్దామని సరదాపడి, పనిలో పనిగా రూట్ కూడా చేసేసే గుంటలుంటారు. వాళ్ల తప్పేం లేదు, కానీ డబ్బు నాన్నది.

ముందు ఫోన్ ఆపి, మళ్లీ ఆన్ చేసి చూడండి. కంపెనీ పేరు పడే సమయంలో బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ఆండ్రాయిడ్‌ని లేపే ప్రోగ్రాం) అన్‌లాక్ అయిందని ఇంగ్లీషులో హెచ్చరిక వస్తుంది. కొన్నింటిలో తెరిచిన తాళం బొమ్మ ఒక్కటే కనిపిస్తుంది. కొద్ది సెకన్లలో పోతుంది, రెప్ప వేయకండి. అన్‌లాక్ అయిన ప్రతిదీ రూట్ అయినట్టు కాదు గానీ, రూట్‌కి మామూలుగా మొదటి మెట్టు అదే. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో అబౌట్ కింద ఫోన్ సర్టిఫైడ్ అని ఉందో లేదో కూడా చూడండి. ఉన్నా పూర్తిగా నమ్మలేం, అది కూడా ఏమార్చగలరు.

"రీసెట్ కొట్టీసేను నాన్నా, ఏటీ అవదు" అంటాడు అబ్బాయి. అవుతుంది. ఫ్యాక్టరీ రీసెట్‌తో ఫొటోలు, యాప్‌లు పోతాయి తప్ప మార్చిన సిస్టమ్ అలాగే ఉంటుంది. సరిగ్గా ఆ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన అసలు సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి, ఆ తర్వాతే బూట్‌లోడర్ లాక్ చేయాలి. వరస తప్పితే ఫోన్ ఆన్ అవకుండా పోవచ్చు.

రూట్‌ని పసిగట్టి బ్యాంకు యాప్ మొరాయిస్తే, రూట్ చేయడానికి వాడే మ్యాజిస్క్ అనే యాప్‌లో ఇంకో మాడ్యూల్ (అదనపు చిన్న ప్రోగ్రాం) వేసి రూట్‌ని దాచేస్తారు కొందరు. నా లెక్కన రూట్ కన్నా ఇదే ప్రమాదం. మొరిగే కుక్క మూతి కట్టేయడమే. పైగా ఎవరు రాశారో తెలియని ఆ మాడ్యూల్‌కీ రూట్ అధికారం అప్పజెప్పినట్టు.

ఆ ఫోన్ సినిమాలకీ పాటలకీ ఉంచుకోండి. బ్యాంకుకి ఇచ్చిన నంబరు సిమ్ మాత్రం బటన్ల ఫోన్‌లోనే ఉండనివ్వండి. డెబిట్ కార్డు ఉంటే *99# నొక్కి నెట్ లేకుండానే యూపీఐ వాడుకోవచ్చు.

డబ్బు పోయినట్టు తెలిస్తే కనుమ వెళ్లాక బ్యాంకుకి వెళ్దాంలే అని ఆగకండి. వేరే ఫోన్ నుంచి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.