పాత తోషిబా ల్యాప్‌టాప్: ప్లగ్గు పెట్టకముందే విప్పండి

అటక మీదనో, తుక్కు దుకాణంలోనో పాత జపాన్ ల్యాప్‌టాప్ దొరికితే ఎవరైనా మొదట చేసే పని అడాప్టర్ పెట్టి బటన్ నొక్కి చూడడం. ముప్పై ఏండ్లు మూలకు పడి ఉన్న మిషన్‌కు అసలు నష్టం జరిగేది ఆ నిమిషంలోనే. 1985 నాటి టీ1100 నుంచి 1989 డైనాబుక్ మీదుగా 90ల శాటిలైట్ ప్రోల దాకా తోషిబా మోడళ్లలో స్క్రూల చోటు మారుతుంది గానీ రోగాలు మాత్రం ఒకటే: కారిన బ్యాటరీ, కారిన కెపాసిటర్లు, జిగురైన రబ్బరు. అందుకని విప్పడం ముందు, కరెంటు తర్వాత.

అడాప్టర్ సంగతి

జపాన్‌లో ఇంటి కరెంటు 100 వోల్టులు. అక్కడి మార్కెట్ కోసం చేసిన అడాప్టర్ లేబుల్ మీద 100 వోల్టులు అని మాత్రమే ఉంటే నల్లగొండ, పాలమూరు ఇండ్లలోని 230 వోల్టుల సాకెట్‌లో అది పెట్టేది కాదు. 230 ఏసీని డీసీ చేస్తే దాదాపు 325 వోల్టులు వస్తుంది. అలాంటి అడాప్టర్ లోపలి పెద్ద కెపాసిటర్ మామూలుగా 200 వోల్టులదే కాబట్టి పటాకీలా పేలుతుంది. లేబుల్ మీద 100-240 అని ఉంటే భయం లేదు. లేకుంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనే బదులు అదే వోల్టేజి, అంతకు తగ్గని ఆంపియర్లు ఉన్న కొత్త అడాప్టర్ తెచ్చుకోవడం చవక. పిన్ను నడుమ ప్లస్సా మైనస్సా అనేది లేబుల్ మీది గుండ్రని గుర్తులో ఉంటుంది. 90ల తోషిబాల్లో చాలావాటికి 15 వోల్టులు, నడుమ ప్లస్. ఎందుకైనా మంచిది, మిషన్ కింది లేబుల్‌తో సరిచూసుకోండి.

లేబుల్ మీద 100-240 ఉన్న పాత అడాప్టర్‌నే వాడాలనుకుంటే టీవీ మెకానిక్కుల సీరీస్ బోర్డు ఉంది గదా, దానికి 60 వాట్ల ఫిలమెంట్ బల్బు తగిలించి అందులోంచి ఇవ్వండి. బల్బు ఒక్కసారి మెరిసి తగ్గితే బాగున్నట్టు. నిండుగా వెలిగి అట్లనే ఉంటే లోపల షార్ట్. ఎల్‌ఈడీ బల్బుతో ఈ పరీక్ష కుదరదు.

విప్పడం

జపాన్ స్క్రూల ప్లస్ గాడి మనం వాడే ఫిలిప్స్ గాడి లాంటిదే గానీ అచ్చం అదే కాదు. దాన్ని జిస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) అంటారు. ఫిలిప్స్ బిట్ అందులో పూర్తిగా కూర్చోక పైకి జారి గాడిని గొరుగుతుంది. జిస్ స్క్రూడ్రైవర్ దొరకకపోతే ఫిలిప్స్ బిట్ మొనను ఆకురాయితో పిసరంత అరగదీయండి. తిప్పే బలం కంటే కిందికి నొక్కే బలం ఎక్కువ ఉండాలి.

స్క్రూలకు ఇడ్లీ రేకు వాడండి, గుంటకు ఒక దశ. రేకుకు రంధ్రాలుంటే అడుగున గుడ్డముక్క వేయాలి. ఇది నవ్వులాట కాదు: కింది మూతలో ఒకే మందం, వేరువేరు పొడవుల స్క్రూలు ఉంటాయి. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే అది బోర్డుకు తగులుతుంది, లేదా పై మూతలో బొడిపె లేపుతుంది.

మొదట మెయిన్ బ్యాటరీ, తర్వాత హార్డ్ డిస్క్, ఆ పైన కింది స్క్రూలు. ఒకటి రాకుండా మొండికేస్తే రబ్బరు కాళ్ల కింద, స్టిక్కర్ల కింద వెతకండి. కీబోర్డు పైనున్న సన్నని ప్లాస్టిక్ పట్టీని పాత ఏటీఎం కార్డుతో ఒక చివర నుంచి లేపాలి, నడుమ నుంచి కాదు. ఇంత పాత ప్లాస్టిక్ బిస్కెట్టులా విరుగుతుంది. చలికాలమైతే హెయిర్ డ్రయర్‌తో గోరువెచ్చగా చేసుకోండి. మే నెల ఎండలో మాత్రం పెట్టకండి, స్క్రీన్ మీది పోలరైజర్ అనే పలుచని పొర జిగురు చెడిపోతుంది.

కీబోర్డు లేచిందని గుంజకండి. కింద పలుచని రిబ్బన్ ఉంటుంది. కనెక్టర్ రెండు రకాలు: గోరుతో జరిపే చిన్న తాళం ఉన్నది, తాళం లేక ఉట్టి బిగువుతో పట్టుకునేది. మొదటిదాన్ని తాళం తీయకుండా లాగితే రిబ్బన్ మీది గీతలు ఊడి కనెక్టర్‌లోనే ఉండిపోతాయి, ఇక ఆ కీబోర్డు పనికిరాదు. రిబ్బన్ ఎటు తిరిగి ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

స్క్రీన్ కీళ్ల దగ్గర ప్లాస్టిక్‌లో పొదిగిన ఇత్తడి నట్లు ఉంటాయి. కీలు బిర్రుగా ఉంటే మూత తెరిచిన ప్రతిసారీ ప్లాస్టిక్ పగిలి ఆ నట్లు బయటికొస్తాయి. ముందు కీలుకు ఒక చుక్క మెషిన్ ఆయిల్ వేసి వదులు చేయాలి, తర్వాతే విరిగిన చోట ఆరాల్డైట్. దానికి ఒక రోజంతా ఆరే టైం ఇవ్వండి.

కారిన చోట్లు

బోర్డు మీద ప్లాస్టిక్ చుట్టిన రెండు మూడు చిన్న సెల్స్ ఉంటాయి, గడియారం బ్యాటరీ అది. ఒక్కో సెల్ 1.2 వోల్టులు. కారిన నికెల్ సెల్స్ నుంచి వచ్చేది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. రాగి గీతలు పచ్చగా, సోల్డర్ బూడిద రంగుగా కనిపిస్తే అది పాకిందన్నమాట. సెల్స్ కత్తిరించి తీసేయండి. చేతికి గ్లౌజులు ఉండాలి, పాత మెయిన్ ప్యాక్‌లో కాడ్మియం ఉండవచ్చు కాబట్టి అది ఇంటి చెత్తలో వేసేది కాదు.

క్షారానికి విరుగుడు పులుపు. కిరాణంలో దొరికే తెల్ల వెనిగర్‌ను ఇయర్‌బడ్‌తో అద్ది, నురగ ఆగేదాకా రుద్దాలి. ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు పెట్టకండి, అందులోని చక్కెర, పిప్పి బోర్డు మీదే ఉండిపోతాయి. తర్వాత నీళ్లతో కడగాలి, బోరు నీళ్లతో మాత్రం కాదు. మన వైపు నీళ్లలో కరిగిన లవణాలెక్కువ. ఆరినాక తెల్లటి పొర మిగిలి, వానకాలం తేమకు అదే కరెంటుకు దారి అవుతుంది. బ్యాటరీ షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. ఆఖరుకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి, నీడలో ఫ్యాన్ కింద ఒక రోజు ఉంచాలి. శానిటైజర్ వద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది.

వెండి డబ్బాల్లాంటి చిన్న కెపాసిటర్ల మొదట్లో తడి మరక ఉంటే, సోల్డరింగ్ ఐరన్ తగిలించగానే చేపల వాసన వస్తే అవి కారినట్టే. ఒకటి కారితే అదే వయసు ఉన్నవన్నీ మార్చడం మేలు. పట్కారతో తిప్పి పీకితే బోర్డు మీది రాగి ప్యాడ్ లేచివస్తుంది. సోల్డర్ బాగా పట్టేలా చేసే ఫ్లక్స్ దండిగా రాసి, కొత్త సోల్డర్ కలిపి, రెండు కాళ్లనూ ఒకేసారి వేడి చేసి ఎత్తండి. ఐరన్ 340 డిగ్రీలు చాలు. వాటి బదులు టాంటలం రకం కెపాసిటర్లు పెడుతుంటే రెండు జాగ్రత్తలు. సర్క్యూట్‌లో ఉన్న వోల్టేజికి రెట్టింపు రేటింగ్ ఉండాలి. గుర్తు కూడా తిరగేసి ఉంటుంది: పాత డబ్బా మీది నల్ల పట్టీ మైనస్‌కు, టాంటలం మీది పట్టీ ప్లస్‌కు. తిరగేస్తే మంటే.

కరెంటు ఇచ్చినాక

అసలు ప్రాణమే లేదంటే ముందు ఫ్యూజులు చూడండి. జపాన్ బోర్డుల్లో ట్రాన్సిస్టర్‌లా నల్లగా, రెండే కాళ్లతో ఒక భాగం కనిపించవచ్చు. దాని మీద ఎన్15, ఎన్38 లాంటి నంబరు ఉంటే అది ట్రాన్సిస్టర్ కాదు, ఫ్యూజు. నంబరును 25తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి: ఎన్15 అంటే 0.6, ఎన్38 అంటే సుమారు 1.5. మల్టీమీటర్ బీప్ అనకపోతే పోయినట్టు. తీగముక్క వేసి నెట్టుకు రావద్దు, అది పోవడానికి కారణం ముందుంటుంది. ఫ్యూజులు బాగున్నా లేవకపోతే ఇంకొక సంగతి: కొన్ని పాత మోడళ్లు మంచి మెయిన్ బ్యాటరీ లేకుండా అడాప్టర్ ఒక్కదానితో స్టార్ట్ కావు.

లైటు వెలుగుతుంది, స్క్రీన్ నల్లగా ఉంటే బయటి మానిటర్ తగిలించి ఎఫ్ఎన్, ఎఫ్5 కలిపి నొక్కండి. అందులో బొమ్మ వస్తే బోర్డు బతికే ఉంది. అప్పుడు స్క్రీన్‌ను టార్చ్ వెలుగులో పక్కనుంచి చూడండి. అక్షరాలు లీలగా కనిపిస్తే పోయింది బ్యాక్‌లైట్ ట్యూబో, దానికి కరెంటిచ్చే ఇన్వర్టరో. మొదట గులాబీ రంగులో వెలిగి మెల్లగా తెల్లబడితే ట్యూబ్ అరిగింది. ఇన్వర్టర్ వెలుగు అందుకునే క్షణంలో వెయ్యి వోల్టులు, అంతకు పైన కూడా ఇవ్వవచ్చు, నడుస్తుండగా వేలు పెట్టకండి. స్క్రీన్ దగ్గర వెనిగర్ వాసన వస్తే పోలరైజర్ పొర కుళ్లుతోంది, అది మార్చేదే గానీ బాగయ్యేది కాదు.

గడియారం బ్యాటరీ ఎర్రర్ వస్తే భయపడనక్కరలేదు. ఎస్కేప్ నొక్కి పట్టుకుని పవర్ ఇచ్చి, తర్వాత ఎఫ్1 నొక్కితే చాలా తోషిబాల్లో సెటప్ తెరుచుకుంటుంది. పాత సెల్స్ చోట సీఆర్2032 బిళ్ల సెల్ నేరుగా అతికించకూడదు. బోర్డు దాన్ని ఛార్జ్ చేయబోతుంది, ఆ సెల్ అందుకు చేసింది కాదు. అన్నే సెల్స్ ఉన్న నికెల్ ప్యాక్ పెట్టండి.

ఫ్లాపీ డ్రైవ్ తిరగకపోతే లోపలి రబ్బరు బెల్టు తారులా కరిగి ఉండవచ్చు. ఐసోప్రొపైల్‌తో తుడిచి కొత్తది వేయాలి. హార్డ్ డిస్క్ టక్‌టక్‌మంటుంటే మళ్లీ మళ్లీ ఆన్ చేయకుండా, ఒక్కసారి తిరిగినప్పుడే డేటా కాపీ చేసుకోండి. 44 పిన్నుల డిస్కయితే దాని చోట కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు, చిన్న అడాప్టర్‌తో చక్కగా పనిచేస్తుంది. 90ల మొదటి సగం బయోస్‌లు (ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం) చాలావరకు 504 మెగాబైట్ల పైన చూడలేవు, అందుకని 256 లేదా 512 కార్డు సరిపోతుంది.

ఆల్కహాల్, ఫ్లక్స్, ప్లాస్టిక్ పిక్కులు నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా ఫోన్ రిపేరు దుకాణాల్లో అడిగి చూడండి. కెపాసిటర్లకు, ఫ్యూజులకు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి పోవాల్సిందే. పోయేముందు ఒక్కో కెపాసిటర్ విలువ, వోల్టేజి, వెడల్పు, ఎత్తు రాసుకోండి. ఎత్తు రాసుకోవడం మరిచిపోయి రెండు మిల్లీమీటర్లు పొడుగున్నది తెస్తే కీబోర్డు మూత పడదు, బస్సు చార్జీ మళ్లీ పెట్టుకోవాల్సి వస్తుంది.