బొబ్బ మానినా అరికాలి నొప్పి పోలేదా? బ్లేడు పక్కన పెట్టండి

అరుణాచలం గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు, అదీ చెప్పుల్లేకుండా. ఇప్పటికి చాలాసార్లు తిరిగాను, చాలాసార్లు బొబ్బలతోనే ఇంటికొచ్చాను. బొబ్బ వారం పది రోజుల్లో ఆరిపోతుంది. ఆ తర్వాత కూడా కాలు మోపితే చురుక్కుమంటోందని మా ఇంట్లో ఎవరో ఒకరు బ్లేడు పట్టుకుని కూర్చుంటారు. వద్దని చెప్పలేక చస్తున్నాను.

కావలసినవి: బకెట్లో గోరువెచ్చని నీళ్లు, కాళ్లు రుద్దుకునే రాయి, కొబ్బరినూనె, మెత్తటి చెప్పులు. ఇటుక ముక్క పనికిరాదు.

ముందు నొప్పి ఎక్కడుందో బొటనవేలితో నొక్కి చూడాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. అడిగితే "బొబ్బ లేచిన చోటే" అంటారు, నొక్కితే ఇంకోచోట అబ్బా అంటారు. నాకోసారి బొబ్బ వేళ్ల మొదట్లో లేచింది, నొప్పేమో మడమలో. బొబ్బ తగలకుండా పది రోజులు మడమ మీదే కుంటాను మరి! పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగుకే మడమలో పోటు వస్తే, అది అరికాలి లోపల మడమ నుంచి వేళ్ల దాకా పట్టీలా ఉండే గట్టి పొర నొప్పి. రాయితో ఎంత రుద్దినా పోదు. గోడకు చేతులానించి, నొప్పి ఉన్న కాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా పిక్క సాగదీయాలి. అరనిమిషం చొప్పున మూడుసార్లు, రోజూ.

నొప్పి బొబ్బ చోటే ఉండి, చర్మం పల్చగా గులాబీ రంగులో ఉంటే దాని జోలికి పోకండి. కొత్త చర్మం గట్టిపడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి.

పసుప్పచ్చగా, గట్టిగా ఉంటే కాయ కాసినట్టు. అప్పుడే రాయి తీయాలి. పది నిమిషాలు నానబెట్టి, మెల్లగా, ఒకే వైపుకి రుద్దాలి. కాయ మొత్తం ఒక్కరోజులో తీసేయాలనుకోవద్దు. నేను ఒకసారి తొందరపడి ఎర్రటి చర్మం కనబడేదాకా రుద్దాను, ఇంకో వారం కుంటాను. పైపొర కాస్త మెత్తబడగానే ఆపేసి నూనె రాయండి. క్రీములు కూడా పనిచేస్తాయంటారు, నాకు మాత్రం కొబ్బరినూనే. కాయ మీద అంటించుకోవడానికి మందుల షాపులో దొరికే కార్న్ క్యాప్ నేను వాడను. అందులో ఉండేది యాసిడ్, పక్కనున్న మంచి చర్మాన్నీ కాల్చేస్తుంది.

చుక్కంత చోట నొక్కితే ప్రాణం పోయినట్టుంటే లోపల ఇసుక రేణువో ముల్లో ఉండొచ్చు. పిన్నీసుతో కెలక్కండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. పాదం పైన ఎముక మీద వాపు ఉండి, నడిచేకొద్దీ నొప్పి పెరిగినా అంతే. ఎర్రబడటం, వేడి, చీము, జ్వరం ఉంటే ఆ రోజే వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లు పైన చెప్పినవేవీ సొంతంగా చేయొద్దు, కాయని నానబెట్టడం కూడా. వాళ్లకి కాలు కాలినా తెలియకపోవచ్చు.

వచ్చే పౌర్ణమికి మళ్లీ వెళ్దామనుకుంటే, ముందు మేడ మీద పది నిమిషాలు ఒట్టికాళ్లతో నడిచి చూడండి. సాయంత్రం పూటే సుమా. మర్నాడు మంచం దిగగానే తెలిసిపోతుంది.