తక్కువ రేటు ఎయిర్ రైఫిల్ కొనేముందు ఆ కంపెనీ ఎట్లాంటిదో ఎట్లా కనిపెట్టాలి

మా అక్క కొడుకు బెంగళూరు యలహంకలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ఈమధ్య ఎయిర్ రైఫిల్ షూటింగ్ పిచ్చి పట్టింది వాడికి, రోజూ రాత్రి పదకొండు దాటాక నాలుగు లింకులు పంపి "మామా ఇది తీసుకోనా, 4.6 స్టార్లు ఉన్నాయి" అంటాడు. ఒక్కో లింకుకి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు, అందుకే మొత్తం ఒకేసారి రాసేస్తున్నా, వాడిలాగా పది పదిహేను వేలు చేతిలో పెట్టుకుని తిరిగేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళకీ పనికొస్తుంది. నేను పీణ్యలో ఒక మెషిన్ షాపులో క్వాలిటీ ఇన్‌స్పెక్షన్ చేస్తా, పదిహేనేళ్ళుగా వెర్నియర్ పట్టుకుని పాసా రిజెక్టా అని చెప్పడమే పని. షూటింగ్‌లో నేను పెద్ద పోటుగాణ్ణేం కాదు, ఆదివారం షూటింగ్ రేంజికి పోయి వంద పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న గుళ్ళు) కాల్చి వస్తా అంతే, కానీ రైఫిల్ కూడా లేత్ మీద తిరిగొచ్చిన ఇనుమే కాబట్టి దాన్ని చూడటం తెలుసు.

ముందు చట్టం సంగతి. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం .177 బోర్, అంటే గొట్టం లోపలి రంధ్రం 4.5 మిల్లీమీటర్లు, మజిల్ ఎనర్జీ (పెల్లెట్ మూతి దాటేటప్పటి శక్తి) 20 జౌల్స్ దాటనిది అయితే లైసెన్స్ అక్కర్లేదు. .22 అయితే ఎయిర్ గన్నైనా సరే లైసెన్స్ కావాల్సిందే. ఎవడైనా "సార్ .22 ఇస్తాం, బిల్లులో మాత్రం .177 అని వేస్తాం" అన్నాడంటే వాడి క్వాలిటీ గురించి ఇంక ఎంక్వైరీలు అక్కర్లేదు, దండం పెట్టి వచ్చేయండి. పిట్టల్ని కొట్టాలని ఉంటే మాత్రం నన్ను అడగొద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు పడుద్ది.

ఈ 20 జౌల్స్ లెక్క ఒకటి గుర్తుపెట్టుకుంటే సగం కంపెనీల బండారం డబ్బా మీదనే బయటపడుతుంది. మామూలు మ్యాచ్ పెల్లెట్ బరువు 0.53 గ్రాములు, దానికి 20 జౌల్స్ రావాలంటే స్పీడు సెకనుకి 275 మీటర్లు, అంటే దాదాపు 900 ఎఫ్‌పీఎస్ (సెకనుకి అడుగులు). మరి డబ్బా మీద 1200 ఎఫ్‌పీఎస్ అని రాసి పక్కనే "నో లైసెన్స్" అని స్టిక్కర్ ఎట్లా అంటిస్తారు? 0.3 గ్రాముల తేలిక అల్లాయ్ పెల్లెట్ వేసి కొలిస్తే 1200 దగ్గర సరిగ్గా 20 జౌల్స్ వస్తుంది, అదీ కిటుకు. ఆ పెల్లెట్ శబ్ద వేగాన్ని దాటి పోతుంది, గాల్లో ఊగుతుంది, పది మీటర్లలో ఎక్కడ తగులుతుందో దానికే తెలీదు. ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఈవెంట్‌కి వాడే రైఫిల్ 570, 580 ఎఫ్‌పీఎస్ దగ్గర కొడుతుంది, దాంతోనే అర మిల్లీమీటర్ ఉండే పది చుక్కని కొడతారు, 2008లో అభినవ్ బింద్రా బంగారం తెచ్చిందీ, 2012లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ ఆ ఈవెంట్‌లోనే. అందుకని బ్రోచర్‌లో స్పీడు పెద్ద అక్షరాల్లో రాసి, ఏ పెల్లెట్‌తో కొలిచారో రాయని కంపెనీకి నేను అక్కడే ఒక మార్కు కోస్తా. పెల్లెట్ బరువు, జౌల్స్ రెండూ రాసినోడు కొంచెం నమ్మదగ్గవాడు.

తర్వాత పేరు సంగతి. మా హిందూపురం వైపు ఎయిర్ గన్ అంటే డయానానే, ఎవరి దగ్గర ఏది ఉన్నా "డయానా గన్ను" అంటారు, తిరునాళ్ళలో బెలూన్లు కొట్టించేవాడి దగ్గర ఉండే వంకర గొట్టం కూడా డయానానే. అసలు డయానా 1890లో జర్మనీలో మొదలైన కంపెనీ, చాలా కాలం రాస్టాట్ ఊళ్ళో తయారయ్యేది, 2014లో చేతులు మారి వేరే ఊరికి పోయింది. ఇప్పుడు అదే పేరుతో వచ్చే స్టార్మ్‌రైడర్ అనే రైఫిల్ చైనాలో తయారవుతుంది. చైనా సరుకు అనగానే చెడ్డది అని నేననను, దానికి బాగుంది అనేవాళ్ళు చాలామందే ఉన్నారు, కానీ తాత వాడిన డయానా 35 గురించి విన్న గొప్పలు దీనికి అంటించి డబ్బులు కట్టకూడదు కదా. ఇంకో పక్క మన దగ్గర చిన్న చిన్న వర్క్‌షాపులు 25, 35 అని ఆ డయానా మోడల్ నంబర్లే కొట్టి అమ్ముతాయి, ఆ నంబర్ చూసి మోసపోవద్దు.

కాబట్టి ఏ కంపెనీనైనా మొదట అడగాల్సింది "బ్యారెల్ ఎవరు చేస్తారు" అని. స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) ఎవడైనా చెక్కుతాడు, స్ప్రింగ్ ఎవడైనా చుడతాడు, రైఫ్లింగ్ (పెల్లెట్ తిరుగుతూ పోవడానికి లోపల చెక్కే మెలి గాడులు) ఉన్న బ్యారెల్ చేయడానికి మాత్రం మెషిన్, టూలు, ఓపిక మూడూ కావాలి. జర్మనీలో లోథార్ వాల్తర్ లాంటివాళ్ళు బ్యారెళ్ళే చేసి వేరే కంపెనీలకి ఇస్తారు, అది చెప్పుకోడానికి ఆ కంపెనీలు సిగ్గుపడవు. మన దగ్గర మహారాష్ట్రలోని ప్రెసిహోల్ వాళ్ళు డీప్ హోల్ డ్రిల్లింగ్ మెషిన్లు చేసే కంపెనీ నుంచి వచ్చినవాళ్ళు, పొడుగ్గా సూటిగా బొక్క వేయడం వాళ్ళ పుట్టు విద్య, ఇట్లాంటి నేపథ్యం ఉంటే నాకు కొంచెం ధైర్యం. అడిగితే "ఇంపోర్టెడ్ సార్" అని ఒక్క మాట చెప్పి, ఎక్కణ్ణుంచి అంటే నీళ్ళు నమిలేవాళ్ళ దగ్గర ఆ ధైర్యం ఉండదు.

ఇప్పుడు నా సొంత గోడు ఒకటి. ఆరేళ్ళ కింద నేనూ స్టార్లు చూసే కొన్నా, కంపెనీ పేరెందుకులే, ఇనుము మీద నిగనిగలాడే నల్లనీలం బ్లూయింగ్, చెక్క స్టాక్, చూస్తే ముద్దొచ్చేది. నాలుగు వందల పెల్లెట్లకే పవర్ పడిపోయింది, రేకు డబ్బాకి తగిలి కింద పడేది. కంపెనీకి ఫోన్ చేస్తే "సీల్ విడిగా ఇవ్వం సార్, కొత్త మోడల్ వచ్చింది అది తీసుకోండి" అన్నారు. పీణ్యలో మా ఫ్రెండు షాపులో స్ప్రింగ్ కంప్రెసర్ ఉంటే దాంట్లో బిగించి విప్పాం (ఇంట్లో స్క్రూడ్రైవర్ పెట్టి విప్పకండి బాబూ, లోపల స్ప్రింగ్ నొక్కి ఉంటుంది, మొహం పగులుద్ది). పిస్టన్ సీల్ (గాలి లీకవ్వకుండా పిస్టన్ తలకి ఉండే వాషర్) ఒక పక్క అర్ధచంద్రాకారంలో తెగి ఉంది. ఎందుకు తెగిందో అని సిలిండర్‌లో వేలు పెడితే చురుక్కుమంది, కాకింగ్ స్లాట్ (స్ప్రింగ్‌ని లాగే లివర్ కదిలే గాడి) అంచున బర్, అంటే కోతలో మిగిలిన పదును అంచు, అట్లాగే ఉంది, బ్లేడు లాగా. మిల్లింగ్ చేసినాక ఎవడో ఒకడు రెండు నిమిషాలు ఫైల్ పట్టుకుని గీకి ఉంటే పోయే బర్ అది. ఫిట్ చేసేటప్పుడే సీల్‌ని కోసేసింది. పైన అంత నునుపుగా పాలిష్ చేసినోడు కనపడని చోట రెండు నిమిషాలు పెట్టలేదు. మా ఫ్రెండు పాలీయురెథేన్ రాడ్ నుంచి ఒక సీల్ తిప్పి ఇచ్చాడు, డబ్బులు కూడా తీసుకోలేదు, టిఫిన్ పెట్టించుకున్నాడంతే, ఆ రైఫిల్ ఇప్పటికీ కొడుతుంది.

అప్పటి నుంచి నేను షాపులో చూసే పద్ధతి మారిపోయింది. ఒక్క పీస్ చూసి ఎప్పుడూ చెప్పను, ఒకే మోడల్ రెండు పీసులు బయట పెట్టమంటా. షాపువాడు సణుగుతాడు, పర్లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కంపెనీ మొత్తం కనపడుతుంది, ఒకదాంట్లో బ్రీచ్ (పెల్లెట్ పెట్టే వెనక చివర) దగ్గర సందు వెంట్రుకంత ఉండి రెండోదాంట్లో గోరు దూరేంత ఉందంటే, ఒక దాని ట్రిగ్గర్ మెత్తగా రెండోది మొండిగా ఉందంటే, అక్కడ గేజ్ పెట్టి చూసేవాడు లేడని అర్థం, మీకు మంచి పీస్ రావడం లాటరీ. రెండూ ఒకేలా మామూలుగా ఉన్నా నాకు ఇష్టమే, ఒకటి అద్భుతం ఒకటి దరిద్రం అయితేనే భయం.

తర్వాత బ్యారెల్ విరిచి (ఈ రేటులో ఎక్కువగా మధ్యలో మడిచి లోడ్ చేసే స్ప్రింగ్ రైఫిళ్ళే), లోడ్ చేసే పొజిషన్‌లో పక్కలకి ఊపండి. లోటాలోటా ఊగితే వద్దు. మడత పడే పివట్ దగ్గర బోల్ట్ ఉందా ఉత్త పిన్నా చూడండి, బోల్ట్ అయితే రేపు వదులైనా బిగించుకోవచ్చు, పిన్ అయితే అంతే సంగతి. ఇది చూపిస్తే ఒక షాపాయన నాతో "స్వల్ప అడ్జస్ట్ మాడి సార్" అన్నాడు, కాస్త సర్దుకోండి అని కన్నడంలో, నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫ్యాక్టరీలో వినే మాటే అది. మజిల్ చివర క్రౌన్ (గొట్టం మూతి అంచు) చూడటానికి ఇయర్‌బడ్ చాలు, లోపలి నుంచి బయటికి అంచు మీదుగా నెమ్మదిగా లాగి చుట్టూ తిప్పండి, దూది పోగు ఎక్కడన్నా చిక్కుకుందంటే అక్కడ బర్ ఉన్నట్టు, పెల్లెట్ బయటికొచ్చే చివరి క్షణంలో దాన్ని పక్కకి నెట్టేది అదే. షాపువాడు ఒప్పుకుంటే క్లీనింగ్ రాడ్‌తో ఒక పెల్లెట్ బ్యారెల్‌లో మెల్లగా తోయండి, మొత్తం ఒకే బిగుతుగా పోవాలి, మూతి దగ్గర కాస్త బిగిస్తే ఇంకా మంచిదే, మధ్యలో జారిపోయి మళ్ళీ పట్టేస్తే ఆ బ్యారెల్ వద్దు. స్క్రూ తలలు కూడా చూడండి, గాట్లు పడి ఉంటే ఎవరో విప్పిన రిటర్న్ పీస్ మీకు అంటగడుతున్నారు.

ఒక్క విషయం, పెల్లెట్ లేకుండా ఢాం అని కొట్టి చూపిస్తానంటే ఆపండి. స్ప్రింగ్ రైఫిల్‌లో ముందు గాలి దిండు లేకపోతే పిస్టన్ పోయి గోడకి గుద్దుకుంటుంది. అట్లాగే బ్యారెల్ విరిచి ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కినా పేలకుండా ఆపే లాక్ ఉందా అని అడగండి, టెస్ట్ చేయకండి, అడగండి చాలు, ఉన్నా సరే లోడ్ చేసేటప్పుడు బ్యారెల్ మీద చెయ్యి వదలకూడదు, ఆ లాక్ లేక వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఈ లాక్ లేని కంపెనీ ఎంత చవకైనా నా లిస్టులో ఉండదు.

కొన్నాక మొదటి వందా రెండు వందల పెల్లెట్లలో జడ్జిమెంట్ ఇవ్వొద్దు. ఫ్యాక్టరీ నూనె కాలి పొగ, వాసన, టపాకాయ మోత వస్తాయి, అది సర్దుకుంటుంది. ఐదొందలు దాటినా పొగొస్తుంటే మాత్రం నూనెలో ముంచి పంపారన్నమాట. ఆ మొదటి పెల్లెట్లు అయ్యాక పది మీటర్లలో కూర్చుని, ముందు చేతి మీద రైఫిల్‌ని వదులుగా ఆనించి, గట్టిగా పట్టుకోకుండా, పది షాట్లు ఒకే పాయింట్ మీద కొట్టండి. ఐదు షాట్ల గ్రూప్ (బొక్కలన్నీ ఎంత దగ్గరగా పడ్డాయో) ఫోటోలు పెట్టి మురిసేవాళ్ళని నమ్మొద్దు, ఐదు అదృష్టం మీద కూడా పడతాయి. పది షాట్లూ ఒక రూపాయి బిళ్ళ కింద దాగితే ఈ రేటుకి బంగారం. పడకపోతే వెంటనే కంపెనీని తిట్టకుండా స్టాక్ స్క్రూలు బిగించి, పెల్లెట్ మార్చి మళ్ళీ చూడండి, జేఎస్‌బీ గానీ హెచ్ అండ్ ఎన్ గానీ ఒక డబ్బా తెచ్చి కొడితే తేడా రైఫిల్‌దా పెల్లెట్‌దా తేలిపోతుంది. మీ రేంజ్‌లో క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ స్పీడు కొలిచే మెషిన్) ఉంటే పది షాట్ల స్పీడు రాసుకోండి, ఎక్కువకీ తక్కువకీ మధ్య పదిహేను ఇరవై ఎఫ్‌పీఎస్ అయితే లోపల పని శుభ్రంగా చేశారు, యాభై అరవై ఊగుతుంటే సీలో స్ప్రింగో తేడా ఉంది.

స్కోప్ ఫ్రీ అని ఆశపడొద్దు. స్ప్రింగ్ రైఫిల్ వెనక్కీ ముందుకీ రెండు వైపులా తంతుంది, చవక స్కోప్ లోపల గాజు కదిలిపోతుంది, గ్రూప్ చెదిరితే జనం రైఫిల్‌ని తిడతారు. ఓపెన్ సైట్‌తో మొదలెట్టండి. పీసీపీ (స్ప్రింగ్ లేకుండా ముందే ట్యాంకులో గాలి నింపుకునే రకం) అయితే ఒక్కటే చెప్తా, గాలి నింపి ప్రెషర్ గేజ్ ఫోటో తీసుకుని రెండు రోజులు పక్కన పెట్టి మళ్ళీ ఫోటో తీయండి, ముల్లు దిగితే ఓ-రింగ్ లీకు, వెంటనే వెనక్కి ఇచ్చేయండి.

ఇంక పేరు ప్రతిష్ఠల ఎంక్వైరీ. స్టార్లలో ఎక్కువ భాగం డబ్బా విప్పిన రోజు పెట్టినవే, "ప్యాకింగ్ సూపర్" అని ఉంటుంది, పెల్లెట్ కాల్చిన దాఖలా ఉండదు. మూడు స్టార్లు ఇచ్చినవాళ్ళని చదవండి, వాళ్ళకి కోపం లేదు మోజూ లేదు, ఏది వదులైందో ఎన్ని పెల్లెట్లకో రాస్తారు. అంతకంటే మంచిది, రేంజ్‌లో రైఫిళ్ళు రిపేర్ చేసే మనిషిని పట్టుకుని ఒక కాఫీ తాగించడం. మా రేంజ్‌లో ఉండే పెద్దాయన కన్నడం తప్ప ఇంకేం మాట్లాడడు, "ఏ కంపెనీ మంచిది" అని అడిగితే నవ్వి ఊరుకుంటాడు, "ఏ కంపెనీ పార్టులు మీ డ్రాయర్‌లో ఉన్నాయి" అని అడిగితే డ్రాయర్ లాగి చూపించాడు. దాంట్లో రెండు కంపెనీల సీళ్ళు, స్ప్రింగులు కవర్లలో వేసి రేటుతో సహా ఉన్నాయి, మిగతావాటికి ఏం లేవు. నేను ఆ రెండిట్లోంచే ఒకటి తీసుకోమంటా మా వాడిని.

కొనకముందే కంపెనీ నంబర్‌కి ఒక ఫోన్ కూడా కొట్టండి, "నా దగ్గర మీ పాత మోడల్ ఉంది, మెయిన్ స్ప్రింగ్, పిస్టన్ సీల్ కావాలి, ఎంత, ఎన్ని రోజులు" అని. అబద్ధమే, పర్లేదు. రేటు చెప్పి కొరియర్ ఛార్జీ కూడా చెప్పినోడు ఒక రకం, "సర్వీస్ సెంటర్‌కి పంపండి సార్" అన్నోడు ఇంకో రకం, ఫోనే ఎత్తనోడి సంగతి మీకే తెలుసు. మా వాడు నిన్న మూడు కంపెనీలకి కొట్టాడు, ఒకే ఒక్కరు ఎత్తి సీల్ రేటు చెప్పారంట. "మామా మరి శనివారం పోదామా" అన్నాడు. పోదాం రా, ఇయర్‌బడ్స్ ప్యాకెట్ ఒకటి జేబులో పెట్టుకుని రా, నా దగ్గర అయిపోయినాయి.