ఇన్హేలర్ పనిచేయట్లేదనిపిస్తే: మందు మార్చేముందు చూసుకోవాల్సినవి

"రోజూ పీలుస్తూనే ఉన్నాను, ఆయాసం మాత్రం తగ్గట్లేదు" అంటే వెంటనే డోసు పెంచాలనో, కంపెనీ మార్చాలనో అనిపిస్తుంది. అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఇన్హేలర్ చేతికిచ్చి, రోజూ ఎలా పీలుస్తారో అలాగే పీల్చి చూపించమనాలి. అసలు లోపం చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. ఉబ్బసమైనా, పొగ వల్ల వచ్చే సీవోపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బయినా, మందు గొంతు దగ్గరే ఆగిపోతే అది ఎంత మంచి మందైనా ఉపయోగం లేదు.

మన దగ్గర ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. నొక్కితే తుంపర వచ్చే పంపు ఒకటి. రోటాహేలర్ లాంటి దాంట్లో క్యాప్సూల్ వేసి పొడి పీల్చడం రెండోది. ఈ రెండింటికీ పీల్చే తీరు పూర్తిగా వేరు. పంపులో మందును గ్యాసే బయటికి నెడుతుంది, కాబట్టి మీరు నెమ్మదిగా పీల్చాలి. గట్టిగా లాగితే తుంపర వెళ్ళి గొంతు వెనక గోడకు కొట్టుకుని అక్కడే అంటుకుంటుంది. పొడిలో నెట్టేది ఏదీ లేదు. పొడిని లేపి, విడగొట్టి, లోపలికి తీసుకెళ్ళేది మీ ఊపిరి ఒక్కటే. అక్కడ నెమ్మదిగా పీలిస్తే మందు గొట్టంలోనే ఉండిపోతుంది. పొడి నుంచి పంపుకి మారినవాళ్ళు పాత అలవాటుతో పంపుని కూడా జుర్రున లాగేస్తారు. ఆ తర్వాత "కొత్తది బాగాలేదు" అంటారు.

పంపు వాడే పద్ధతి ఇదీ. మూత తీసి, పంపు మూతిలో, అంటే నోట్లో పెట్టుకునే కొసలో, దుమ్మూ చెత్తా ఏమైనా ఉందేమో చూడండి. నాలుగైదు సార్లు బాగా ఊపండి. కొత్తదైతే, లేదా కొన్ని రోజులు వాడకుండా పక్కన పెట్టినదైతే, కాగితంలో రాసినన్ని సార్లు గాలిలోకి నొక్కి వదలండి. నిటారుగా కూర్చుని ఊపిరి పూర్తిగా బయటికి వదిలేయండి. మూతిని పళ్ళ మధ్య పెట్టి పెదాలు మూసి, పీల్చడం మొదలైన క్షణంలోనే ఒక్కసారి నొక్కండి. నొక్కాక ఆగకుండా నాలుగైదు సెకన్ల పాటు నెమ్మదిగా పీలుస్తూనే ఉండండి. తర్వాత పది సెకన్లు, అంతసేపు వీలుకాకపోతే చేతనైనంతసేపు, ఊపిరి బిగబట్టండి. రెండో పఫ్ కావాలంటే అర నిమిషమో నిమిషమో ఆగి, మళ్ళీ ఊపి తీసుకోండి. రెండు పఫ్‌లూ వెంటవెంటనే కొట్టేస్తే రెండోది సరిగా లోపలికి వెళ్ళదు.

ఇక్కడ ఎక్కువమంది తప్పేది నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరకపోవడం. నోట్లోంచో ముక్కులోంచో తెల్లటి పొగ బయటికి వస్తోందంటే మందు వృథా అవుతున్నట్టే. గొంతుకు చల్లగా తగలగానే పీల్చడం ఆపేసేవాళ్ళు కూడా ఉంటారు. ఈ రెండింటికీ ఒకటే పరిష్కారం, స్పేసర్, అంటే పంపుకి తగిలించే ఖాళీ ప్లాస్టిక్ గొట్టం. అది పిల్లల వస్తువనీ, పెద్దవాళ్ళకు నామోషీ అనీ అనుకోవద్దు. స్పేసర్ ఉంటే నొక్కడానికీ పీల్చడానికీ మధ్య ఒకటి రెండు సెకన్ల తేడా ఉన్నా ఫర్వాలేదు, గొంతులో అంటుకునే మందు కూడా తగ్గుతుంది.

స్పేసర్‌లోకి ఒకసారికి ఒక్క పఫ్ మాత్రమే కొట్టాలి. ఒక్కసారి నెమ్మదిగా లోతుగా పీల్చి బిగబట్టవచ్చు, లేదా మామూలుగా ఐదారుసార్లు ఊపిరి తీసి వదలవచ్చు. నాలుగేళ్ళలోపు పిల్లలకు మాస్క్ ఉన్న స్పేసర్ కావాలి. అది ముక్కు, నోరు మీద సందు లేకుండా ఆనాలి. పిల్లాడు గుక్కపెట్టి ఏడుస్తున్నప్పుడు పెడితే లోపలికి వెళ్ళేది చాలా తక్కువ. స్పేసర్‌ను వారానికోసారి గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు కలిపిన నీళ్ళలో ముంచి తీసి అలాగే ఆరబెట్టండి. గుడ్డతో తుడవొద్దు. తుడిస్తే ప్లాస్టిక్‌కి స్థిర విద్యుత్తు పట్టి మందును గోడలకు లాక్కుంటుంది. స్పేసర్ దొరకని చోట 500 మిల్లీలీటర్ల ఖాళీ నీళ్ళ సీసా అడుగున పంపు మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేసి తాత్కాలికంగా వాడుకోవచ్చు.

ఇక రోటాహేలర్. దాన్ని నిలువుగా పట్టుకుని, క్యాప్సూల్‌ను పారదర్శకంగా ఉన్న కొస ముందుగా వెళ్ళేలా చదరపు రంధ్రంలో పెట్టి, పైఅంచుకి సమానమయ్యేదాకా నొక్కండి. అడుగుభాగాన్ని ఆగేదాకా తిప్పండి. క్యాప్సూల్ రెండుగా విడిపోయి పొడి లోపల పడుతుంది. గొట్టాన్ని పక్కకు పట్టుకుని ఊపిరి వదలండి, గొట్టంలోకి మాత్రం ఊదొద్దు. మూతిని పెదాలతో గట్టిగా మూసి, తల కొద్దిగా వెనక్కి వంచి, మొదటి క్షణం నుంచే వేగంగా, లోతుగా లాగండి. పది సెకన్లు బిగబట్టండి. తర్వాత తెరిచి చూసి, పొడి మిగిలి ఉంటే ఇంకోసారి పీల్చండి. ఖాళీ పెంకులు పారేయండి. రివోలైజర్ అనే ఇంకో పొడి ఇన్హేలర్‌లో సూది క్యాప్సూల్‌కి రంధ్రం చేస్తుంది. పీల్చేటప్పుడు లోపల క్యాప్సూల్ తిరుగుతూ గరగరమనే శబ్దం రావాలి. ఆ శబ్దం రాలేదంటే మీరు లాగింది చాలలేదు.

నాలుక మీద కాస్త తియ్యగా తగిలేది మందు కాదు, పొడిలో కలిపే లాక్టోజ్. పెంకు ముక్క నోట్లోకి వచ్చినా కంగారు పడక్కర్లేదు, అది జెలటిన్. క్యాప్సూల్‌ను నీళ్ళతో మింగేసేవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి, ఇంట్లో పెద్దవాళ్ళకు కొత్తగా రాసినప్పుడు ఈ సంగతి విడిగా చెప్పాలి. పొడికి అసలు శత్రువు తేమ. వానాకాలంలో, పైగా కోస్తా ఊళ్ళలో, బాత్రూం అలమరలో పెట్టిన డబ్బాలో పొడి గడ్డకడుతుంది. క్యాప్సూల్‌ను సరిగ్గా పీల్చబోయే ముందు మాత్రమే డబ్బాలోంచి బయటికి తీయండి. రోటాహేలర్ కడిగాక పూర్తిగా ఆరకుండా వాడినా పొడి గోడలకు అంటుకుపోతుంది. ఈ కారణంగానే రెండు రోటాహేలర్లు ఉంచుకుని మార్చి మార్చి వాడటం మంచి అలవాటు.

ఎవరికి ఏది? పొడిని లాగడానికి బలమైన ఊపిరి కావాలి. సీవోపీడీ బాగా ముదిరిన పెద్దవాళ్ళకు, కొన్ని అడుగులకే ఎగపోత వచ్చేవాళ్ళకు ఆ బలం ఉండకపోవచ్చు. వాళ్ళకు పంపు, స్పేసర్ కలిపి వాడటమే అనువు. వేళ్ళు కీళ్ళవాతంతో బిగుసుకుపోయినవాళ్ళు పంపును నొక్కలేరు. అలాంటివాళ్ళు రెండు చేతులతో నొక్కవచ్చు, లేదా ఇంట్లో ఇంకొకరు నొక్కవచ్చు. చూపు ఆననివాళ్ళకు క్యాప్సూల్ పెట్టడం కష్టం. ఒకే మనిషికి ఒక మందు పంపులో, ఇంకోటి పొడిలో రాయడం మాకు ఎప్పుడూ నచ్చని పని. వీలైతే రెండూ ఒకే రకంలో ఇమ్మని డాక్టర్‌ని అడగండి.

అసంతృప్తికి ఇంకో పెద్ద కారణం, ఏది ఎందుకో తెలియకపోవడం. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ ఐదు నిమిషాల్లో తేలికచేసి, నాలుగు నుంచి ఆరు గంటలు పనిచేస్తుంది. రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్హేలర్ పీల్చగానే ఏమీ తెలియదు. అది శ్వాసనాళాల వాపును రోజుల మీద, వారాల మీద తగ్గిస్తుంది. దాంతో మొదటిది "మంచిది", రెండోది "దండగ" అయిపోతుంది, ఆపకూడనిదాన్నే ఆపేస్తారు. ఉబ్బసానికి సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దని అంతర్జాతీయ జీనా మార్గదర్శకాలు 2019 నుంచీ చెబుతున్నాయి. బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్, శ్వాసనాళాలను తెరిచే ఫార్మోటెరాల్ కలిసిన ఒకే ఇన్హేలర్‌ని రోజువారీకీ, అవసరానికీ రాయడం కూడా అందుకే. మీకు ఏ పద్ధతి రాశారో అడిగి, డబ్బా మీద తెలుగులో "రోజూ", "ఆయాసం వస్తే" అని రాసుకోండి. మృగశిర కార్తెకి హైదరాబాద్ వెళ్ళి చేప ప్రసాదం మింగేవాళ్ళు కూడా రోజువారీ ఇన్హేలర్‌ని మాత్రం మానకండి.

"అలవాటైపోతుంది, ఘాటు మందు" అనే భయానికి లెక్కే సమాధానం. సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు, పంపు ఒక్క పఫ్ 100 మైక్రోగ్రాములు. అంటే మాత్రలో నలభై పఫ్‌ల మందు ఉంటుంది, అది ఒళ్ళంతా తిరుగుతుంది. మాత్ర వేసుకుంటే చేతులు వణకడం, గుండె దడ ఎక్కువగా ఉండేది ఇందుకే. స్టెరాయిడ్ ఇన్హేలర్ వల్ల గొంతు బొంగురుపోవడం, నాలుక మీద తెల్లపూత నిజంగానే వస్తాయి. పీల్చిన ప్రతిసారీ నీళ్ళతో పుక్కిలించి ఉమ్మేస్తే చాలావరకు రావు. పళ్ళు తోముకునే ముందు పీల్చడం అలవాటు చేసుకుంటే మరిచిపోరు.

పంపు ఖాళీ అయ్యిందేమోనని నీళ్ళలో వేసి తేలుతుందా అని చూడటం పాత పద్ధతి, తప్పు కూడా. ఊపినా లాభం లేదు, మందు అయిపోయాక కూడా గ్యాస్ మిగిలి గలగలమంటుంది. అంకెల కౌంటర్ లేకపోతే లెక్కపెట్టుకోవాలి. 120 పఫ్‌ల పంపు పూటకి రెండు చొప్పున రోజుకు రెండు పూటలా వాడితే సరిగ్గా 30 రోజులు వస్తుంది. మొదలుపెట్టిన తేదీని స్కెచ్ పెన్‌తో డబ్బా మీద రాయండి. వారానికోసారి లోహపు డబ్బా బయటికి తీసి, ప్లాస్టిక్ భాగాన్ని మాత్రం గోరువెచ్చని నీళ్ళతో కడిగి ఆరబెట్టండి.

రోగులకు ఇన్హేలర్ ఎంత నచ్చిందో కొలవడానికి ఎఫ్‌ఎస్‌ఐ-10 అనే పది ప్రశ్నల పత్రం ఉంది. ఒక్కో ప్రశ్నకు 5 మార్కులు, మొత్తం 50. నేర్చుకోవడం తేలికేనా, సిద్ధం చేసుకోవడం తేలికేనా, వెంట తీసుకెళ్ళడానికి వీలుగా ఉందా, శుభ్రం చేయడం కష్టమా, సరిగ్గా వాడుతున్నానన్న నమ్మకం ఉందా, ఇలా సాగుతాయి ఆ ప్రశ్నలు. ఆసుపత్రికి వెళ్ళేముందు ఇవే మిమ్మల్ని మీరు అడగండి. "బాగాలేదు" అంటే డాక్టర్‌కి ఏమీ అర్థం కాదు. "నొక్కలేకపోతున్నాను", "పొడికి దగ్గు వస్తోంది", "నెలకి ఇంత ఖర్చు భరించలేను" అంటే మార్చడానికి దారి దొరుకుతుంది. ఇన్హేలర్, స్పేసర్ రెండూ సంచిలో వేసుకుని వెళ్ళి, ఆయన ముందే పీల్చి చూపించండి.

ఇవేవీ ఆగి ఆలోచించకూడని సమయం ఒకటుంది. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పెదాలు నీలంగా మారడం, మత్తుగా ఉండటం, వేసుకున్న సాల్బుటమాల్ ప్రభావం మూడు గంటలు కూడా నిలవకపోవడం ప్రమాద సూచనలు. అప్పుడు 108కి ఫోన్ చేసి, రోగిని కూర్చోబెట్టే ఉంచి, స్పేసర్‌తో సాల్బుటమాల్ ఒక్కొక్క పఫ్ చొప్పున నాలుగు ఇవ్వండి. 20 నిమిషాల్లో తేలిక కాకపోతే అదే మళ్ళీ ఇస్తూ ఆసుపత్రికి చేర్చండి.