చదివిన పుస్తకానికి నోట్సు రాసుకోవడం ఎలా

16వ శతాబ్దపు ఫ్రెంచి వ్యాసకర్త మాంటేన్‌కు మతిమరుపు ఎక్కువ. కొన్నేళ్ళ కిందట శ్రద్ధగా చదివి, అంచుల నిండా తన రాతలే నింపిన పుస్తకాన్ని ఎన్నడూ చూడని కొత్త పుస్తకమనుకొని మళ్ళీ చేతిలోకి తీసుకోవడం తనకు ఒకటికి రెండుసార్లు జరిగిందని ఆయనే చెప్పుకున్నాడు. ఒకసారికి మించి అక్కరపడవనుకున్న పుస్తకాల చివర, చదవడం ముగించిన తేదీని, పుస్తకం మీద మొత్తంగా తనకు కలిగిన అభిప్రాయాన్ని రాసిపెట్టుకోవడం అందుకు ఆయన కనిపెట్టిన ఉపాయం. చదివిన పుస్తకాల గురించి రాసుకోవాలని కొత్తగా సంకల్పించినవారికి ఇంతకంటే మంచి ఆరంభాన్ని నేను సూచించలేను. పది గళ్ళ పట్టిక గీసుకొని, రంగురంగుల పెన్నులు కొనుక్కొని మొదలుపెట్టిన నా మొదటి ప్రయత్నం మూడో పుస్తకం దగ్గరే ఆగిపోయింది. తేదీ, నాలుగు వాక్యాల అభిప్రాయం చాలుననుకున్న రెండో ప్రయత్నం ఇప్పటికీ సాగుతోంది.

అయితే ఈ పనిని కేవలం జ్ఞాపకశక్తికి ఊతకర్ర అనుకుంటే పొరపాటు. ఒక పుస్తకం గురించి రాయవలసి ఉందన్న ఎరుక మొదటి పేజీ నుంచే చదివే తీరును మార్చేస్తుంది. ఏ పుస్తకం తీయాలి, ఎంత నింపాదిగా చదవాలి, ఎక్కడ ఆగాలి, నచ్చకపోతే సగంలో వదిలేయాలా వద్దా అన్న నిర్ణయాలన్నిటిలోనూ ఇంకా రాయని ఆ అరపేజీ జోక్యం చేసుకుంటూనే ఉంటుంది. ఈ జోక్యం చాలావరకు మేలే చేస్తుంది, కొంత కీడూ చేస్తుంది; ఆ కీడును ముందే పసిగట్టి రాసే పద్ధతిని ఎలా అమర్చుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చదువుతున్నప్పుడు వాక్యాలు రాయకండి. బుక్‌మార్క్‌గా ఒక పొడవాటి చీటీ పెట్టుకొని, దాని మీద పేజీ సంఖ్య, పక్కన రెండు మాటలు మాత్రమే వేసుకోవడం మంచిది. ఆగి పూర్తి వాక్యం రాయడం మొదలుపెడితే మనసు పుస్తకంలోంచి బయటికి వచ్చేస్తుంది, తిరిగి లోపలికి వెళ్ళడానికి మరో రెండు పేజీలు పడుతుంది. మొదటి ముప్పై నలభై పేజీల్లో ఎంత తక్కువ గుర్తు పెడితే అంత మంచిది. గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పాత పుస్తకాలను గమనించండి: చాలావాటిలో పెన్సిల్ గీతలు మొదటి అధ్యాయంలో కిక్కిరిసి ఉంటాయి, తర్వాత పలచబడి మాయమవుతాయి. ఏది ముఖ్యమో ఇంకా తెలియనప్పుడు అన్నీ ముఖ్యంగానే కనిపిస్తాయి మరి. (గ్రంథాలయ పుస్తకం మీద గీయవద్దని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.) ఈ-రీడర్‌లో వేలితో గీత లాగడం మరీ సులువు కాబట్టి అక్కడ అధ్యాయానికి రెండు గీతలకు మించకూడదన్న హద్దు పెట్టుకోవాలి. ఆడియో పుస్తకమైతే అధ్యాయం సంఖ్య, నిమిషం వేసుకుంటే సరిపోతుంది.

ఆ మధ్య చదివిన ఒక నవలకు నేను పెట్టుకున్న చీటీ ఇప్పటికీ నోట్‌బుక్‌లోనే ఉంది. దాని మీద మొదటి పంక్తి ‘47 – తలుపు గడియ’. పడుకోబోయే ముందు తండ్రి లేచి వీధి తలుపు గడియ సరిచూసుకున్న చిన్న వివరం అది. ఎందుకో నచ్చి వేసుకున్నాను. 112వ పేజీలో ఆయన మళ్ళీ గడియ చూశాడు. మొదటిది చీటీ మీద లేకపోయి ఉంటే రెండోది నా కంటికి ఆనేదే కాదు. అక్కడి నుంచి గడియ ఎక్కడ వస్తుందా అని కాచుకొని చదివాను. 203వ పేజీలో, కొడుకు ఇల్లు విడిచి వెళ్ళిన రాత్రి, ఆయన తలుపు దగ్గరికి వెళ్ళకుండానే పడుకున్నాడు. రచయిత ఆ సంగతిని ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోయాడు. చీటీ లేకుండా చదివే రోజుల్లో నేనూ దాటిపోయేవాణ్ణే.

నచ్చిన చోట్లను గుర్తు పెట్టుకోవడం ఎవరికైనా సహజంగానే వస్తుంది. ఒప్పుకోలేని చోట్లను గుర్తు పెట్టుకోవడానికే పూనిక కావాలి. చదివిన పుస్తకాలకు, చదవవలసిన పుస్తకాలకు 1838 నుంచి ఇరవై ఏళ్ళకు పైగా వేరువేరు జాబితాలు రాసుకున్న చార్లెస్ డార్విన్, తన నిర్ధారణలకు ఎదురు నిలిచే విషయం ఎక్కడ కనబడినా దాన్ని అప్పటికప్పుడు తప్పకుండా రాసిపెట్టుకోవడం తనకు బంగారు నియమమని చెప్పాడు. అనుకూలమైన విషయాలకంటే అలాంటివే త్వరగా మరపున పడతాయని ఆయనకు అనుభవం మీద తెలిసింది. పాఠకులకూ ఇది అచ్చంగా వర్తిస్తుంది. చీటీ మీద అలాంటి పేజీ సంఖ్య పక్కన ఒక ఇంటూ గుర్తు వేయండి. ఇష్టమైన రచయిత పుస్తకానికి ఒక్క ఇంటూ కూడా పడలేదంటే, నేను చదవడం మానేసి తలూపుతూ కూర్చున్నానని అర్థం చేసుకుంటాను.

పుస్తకం ముగిసిన వెంటనే రాయడానికి కూర్చోవద్దు; చివరి పేజీల ఊపు మిగతా మూడు వందల పేజీలనూ కప్పేస్తుంది. ఒక రోజు ఆగి, పుస్తకం మూసి, చీటీ కూడా పక్కన పెట్టి, గుర్తున్నంతవరకు రాయండి. ఇది శిక్షలా అనిపించవచ్చు గానీ దీనికి గట్టి కారణమే ఉంది. రోడిగర్, కార్పికె అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని మళ్ళీ చదివించారు, మరికొందరి చేత పాఠం చూడకుండా గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవారిదే పైచేయి; రెండు రోజుల తర్వాత, వారం తర్వాత పరీక్షించినప్పుడు మాత్రం చూడకుండా రాసినవారికే ఎక్కువ గుర్తుంది.

రాశాక పుస్తకం తెరిచి సరిచూసుకోవడం మరవకూడదు. ఒక కథల సంపుటి గురించి రాస్తూ, ఉత్తరం చింపేసింది చిన్న కూతురని గట్టిగా నమ్మి, ఆమె పిరికితనం మీద ఒక పేరా నిండా వ్యాఖ్యానం చేశాను. తెరిచి చూస్తే చింపింది పెద్ద కూతురు. పేరా మొత్తం కొట్టేయవలసి వచ్చింది. చిన్నదే చింపి ఉంటుందని నాకెందుకు అనిపించిందన్న ప్రశ్నతో మళ్ళీ మొదలుపెట్టి రాసిన పేరా పాతదానికంటే చాలా నయంగా వచ్చింది.

ఇక రాయవలసిన విషయానికి వద్దాం. పుస్తకంలో ఏముందో నాలుగైదు వాక్యాల్లో చెప్పాలి. ఇది కాస్త విసుగు పని, త్వరగా ముగించండి. ఒకటో రెండో వాక్యాలను పొల్లు పోకుండా, కొటేషన్ గుర్తుల మధ్య, పేజీ సంఖ్యతో సహా ఎత్తిరాసుకోవాలి. ఆ గుర్తులు వేయడం మరచిపోతే, రెండేళ్ళ తర్వాత ఆ మంచి వాక్యం మీ సొంతమేనని మీరే నమ్మేస్తారు. మిగిలిన జాగా అంతా అభిప్రాయానిది, కష్టమంతా అక్కడే ఉంది. ‘అద్భుతం’, ‘హృద్యం’, ‘తప్పక చదవవలసిన పుస్తకం’ వంటి మాటలు మీ నోట్సులో కనబడినప్పుడల్లా వాటిని కొట్టేసి, ఆ మాట రాయించిన పేజీ ఏదో వెతకండి. గడియ నవల గురించి నేను మొదట ‘తండ్రి పాత్ర చిత్రణ అద్భుతంగా ఉంది’ అని రాశాను. దాన్ని కొట్టేసి, పేజీలు వెతికి, చివరికి రాసినది ఇది: ‘ఆయన ఎప్పుడూ అవతలివారి మాట పూర్తికాకుండానే అందుకుంటాడు. ఆసుపత్రిలో ఒక్కచోట మాత్రం కొడుకు చెప్పేదంతా విన్నాడు. భయపడ్డాడని రచయిత వేరే చెప్పలేదు.’ మొదటి వాక్యాన్ని వెయ్యి నవలల గురించి రాయవచ్చు, ఇది ఆ ఒక్క నవలకే చెల్లుతుంది. ఇలా నాలుగైదు పుస్తకాలకు రాసేసరికి, చదివేటప్పుడే విశేషణాల కోసం కాక సన్నివేశాల కోసం వెతకడం అలవాటవుతుంది.

నోట్‌బుక్ సగం నిండాక అందులో ఏది ఎక్కడుందో దొరకదు. ఈ చిక్కుకు ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ 1686లో ఫ్రెంచిలో ప్రచురించిన పద్ధతి ఒకటి ఉంది: విషయాన్ని ఒక్క మాటలో శీర్షికగా పెట్టి, ఆ మాట మొదటి అక్షరం, దాని తర్వాత వచ్చే మొదటి అచ్చు ఆధారంగా సూచికలో చేర్చడం. తెలుగులో రాసుకునేవారికి ఇందులో సగం శ్రమ లేదు, మన గుణింతంలో చాలా మాటలకు ఆ రెండూ మొదటి అక్షరంలోనే కలిసి ఉంటాయి. చివరి నాలుగు పేజీలు ఖాళీగా వదిలి, ‘మరణం’ను ‘మ’ కింద, ‘మౌనం’ను ‘మౌ’ కింద, పక్కన నోట్‌బుక్ పేజీ సంఖ్యతో వేసుకుంటూ పోతే చాలు. ఒక పుస్తకం మరో పుస్తకాన్ని గుర్తు చేయడం ఈ నాలుగు పేజీల్లోనే జరుగుతుంది.

కీడు సంగతి. పుస్తకాలకు వరుస సంఖ్యలు వేయడం మొదలుపెట్టిన ఏడాది నేను చదివిన పుస్తకాలు లెక్కకు పెరిగాయి, మందానికి తగ్గాయి. డిసెంబరులో తీసినవన్నీ నూట ఇరవై పేజీల లోపువే; ఆరు వందల పేజీల చరిత్ర పుస్తకం ఒకటి ఏడాదంతా మంచం పక్కనే దుమ్ము పట్టింది. అప్పటి నుంచి సంఖ్యలు వేయడం మానేసి తేదీలు మాత్రమే వేస్తున్నాను. లావు పుస్తకాలకు భాగం భాగానికీ విడిగా రాసుకుంటే అవీ ముందుకు సాగుతాయి. సగంలో వదిలేసిన పుస్తకానికి కూడా నోట్సులో చోటివ్వాలి: ఏ పేజీలో వదిలారు, ఎందుకు వదిలారు. అలా చోటు దొరికితే, కేవలం ఏదో ఒకటి రాయడం కోసం నచ్చని పుస్తకాన్ని చివరిదాకా ఈడ్చుకుపోయే అవస్థ తప్పుతుంది. రాయడానికి సులువైన పుస్తకాలనే ఎంచుకోవడం, మళ్ళీ చదవడాన్ని పూర్తిగా మానేయడం అంతకంటే నెమ్మదిగా పట్టుకునే జాడ్యాలు. కవిత్వం గురించి రాయడం కష్టం కాబట్టి కవిత్వం చదవడమే తగ్గిపోతుంది. నాలుగు పుస్తకాలకు ఒకదాన్ని ఏమీ రాయకూడదన్న షరతుతో చదవండి. మళ్ళీ చదివిన పుస్తకానికి పాత నోట్సు చూడకుండా కొత్తది రాసి, ఆ తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

రాసినది నలుగురికి చూపించాలనుకుంటే దాన్ని వేరుగా, రెండోసారి రాయడమే మేలు; సొంత నోట్సును ఎవరో చూస్తారన్న ఊహతో రాస్తే ఇంటూ గుర్తులు తగ్గిపోతాయి. పుస్తకం రచయితో ప్రచురణకర్తో కానుకగా ఇచ్చినదైతే ఆ మాట మొదట్లోనే చెప్పండి, కథ ముగింపు మాత్రం చెప్పవద్దు. మీ అభిప్రాయం కాగితం మీద పడేదాకా ఇతరుల సమీక్షల జోలికి వెళ్ళకపోవడం అన్నిటికంటే ముఖ్యం.

ఆరు నెలలకొకసారి నోట్‌బుక్ మొత్తం తిరగేయండి. ఏ కాలపు పుస్తకాలు, ఏ భాష నుంచి వచ్చినవి, స్త్రీలు రాసినవెన్ని, ఎవరు చెప్తే చదివినవి అని చూసుకుంటే తర్వాత ఏది తీయాలో దానంతట అదే తేలుతుంది. నా ఆరు నెలల చదువులో ముప్పాతిక వంతు ఒకే మిత్రుడి మాట మీద సాగిందని ఇలాగే తెలిసింది. పుస్తకాలను చూసినట్టే మీరు వాడిన మాటలనూ చూడండి. నా నోట్సులో ‘ఒంటరితనం’ అన్న మాట తొమ్మిది పుస్తకాల దగ్గర కనబడింది. వాటిలో ఒకటి తేనెటీగల పెంపకం గురించినది. ఆ మాటను ఆరు నెలల పాటు వాడకూడదని అట్ట లోపలివైపు రాసిపెట్టుకున్నాను. ఆ తర్వాతి పుస్తకానికి నోట్సు రాయడానికి అరగంటకు బదులు ఒక సాయంత్రమంతా పట్టింది.