టీబీ మార్గదర్శకాలు గోడ మీది నుంచి మందుల చీటీలోకి రావాలంటే

2010లో అచ్చయిన ముంబై సర్వే ఒకటుంది. 106 మంది ప్రైవేటు డాక్టర్లను టీబీకి ఏం మందులు రాస్తారని అడిగితే 63 రకాల చీటీలు వచ్చాయి. సరైన చికిత్స రాసినవాళ్లు ఆరుగురే. అప్పటికే జాతీయ కార్యక్రమం పదమూడేళ్లుగా నడుస్తోంది, మార్గదర్శకాలూ ఉన్నాయి. కాబట్టి లోపం పుస్తకం లేకపోవడంలో లేదు. పుస్తకానికీ చీటీకీ మధ్య ఏమీ లేకపోవడంలో ఉంది.

ఆ మధ్యలో ఉండాల్సింది రెండు పేజీల కాగితం. పీహెచ్‌సీ అయినా, నలుగురు డాక్టర్ల నర్సింగ్ హోమ్ అయినా సొంతంగా మార్గదర్శకాలు రాసుకోవాల్సిన పని లేదు. జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం, అంటే ఎన్‌టీఈపీ, ఇచ్చినవే తీసుకుని, ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా నడిచే అవకాశం ఎక్కడెక్కడ ఉందో ఆ చోట్లను మాత్రమే కాగితం మీద పెట్టాలి. దారి చీలే ప్రతి చోటా ఒకే జవాబు, ఆ పని ఎవరిదో ఒక హోదా. పైన తేదీ, ఏ ఏడాది మార్గదర్శకం నుంచి తీసుకున్నారో ఆ వివరం. అందరూ ఒకేలా చేసే పనులను రాసి కాగితం నింపకండి, ఎవరూ చదవరు.

కాగితం అంటించే ముందు పాత చార్టులు చింపండి. కేటగిరీ 1, కేటగిరీ 2, వారానికి మూడు రోజుల మందులు, మళ్లీ వచ్చిన టీబీకి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు: ఇవన్నీ పోయాయి. 2017 నుంచి మందులు రోజూ వేయాలి. గతంలో టీబీ వచ్చి తగ్గినవాళ్లకు కూడా ఇప్పుడు మందుల నిరోధకత పరీక్షను బట్టే చికిత్స. అయినా పాత చార్టు కనిపించినంత కాలం ఎవరో ఒకరు దాన్నే చూసి రాస్తారు.

ఎవరికి పరీక్ష

రెండు వారాలు దాటిన దగ్గు, రెండు వారాలు దాటిన జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, తెమడలో రక్తం. వీటిలో ఒక్కటున్నా పరీక్షకు పంపాలి. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు దగ్గు ఎన్నాళ్లదైనా సరే.

మా ప్రాంతాల్లో రోగి మీ దగ్గరికి వచ్చేసరికి ఆరెంపీ దగ్గర రెండు మూడు కోర్సుల యాంటీబయాటిక్ అయిపోయి ఉంటుంది. అందుకే కాగితంలో ఈ వాక్యం ఎర్ర అక్షరాల్లో ఉండాలి: టీబీ అనుమానం ఉన్న దగ్గుకు లెవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్, లినెజోలిడ్, అమికాసిన్ రాయకూడదు. టీబీ క్రిమి మీద ఇవన్నీ కొంత పనిచేస్తాయి. జ్వరం పది రోజులు తగ్గి మళ్లీ వస్తుంది, నిర్ధారణ నెలలు వెనకబడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. మొండి టీబీకి, అంటే మామూలు మందులకు లొంగని టీబీకి, వాడే మందుల్లో ఇవి కూడా ఉన్నాయి. వాటికి క్రిమిని ముందుగానే అలవాటు చేసినట్టవుతుంది.

తెమడ తీసే పద్ధతి

టీబీ ఉన్నా నెగటివ్ వచ్చే రిపోర్టుల్లో చాలా వాటికి కారణం సీసాలో తెమడకు బదులు ఉమ్మి ఉండటమే. రోగికి చెప్పాల్సింది ఇది: నోరు నీళ్లతో పుక్కిలించండి, గాలి నిండుగా పీల్చి కాసేపు ఆపండి, రెండు మూడు సార్లు అలా చేసి, లోపలి నుంచి గట్టిగా దగ్గి కళ్లె తీయండి. కనీసం 2 మిల్లీలీటర్లు కావాలి. చిక్కగా, పసుపుగా ఉంటే మంచిది. పల్చగా నురగగా ఉంటే మళ్లీ తీయించాలి. ఒకటి అప్పటికప్పుడు, ఇంకొకటి మర్నాడు పొద్దున లేవగానే. ఆరుబయట తీయించండి, వార్డు బాత్‌రూమ్‌లో వద్దు. వెంటనే పంపలేకపోతే ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల దగ్గర ఉంచాలి.

గడ్డల టీబీ అనుమానమైతే జరిగే పొరపాటు వేరు. మెడ గ్రంథి నుంచి ముక్క తీసి మొత్తం ఫార్మలిన్‌లో వేసేస్తారు. ఫార్మలిన్ తగిలిన ముక్క మీద కల్చర్ (క్రిమిని పెంచి చూసే పరీక్ష) చేయలేం, జన్యు పరీక్షను నమ్మలేం. ఆపరేషన్ గదిలోనే రెండు సీసాలు ఉండాలి. ఒకదానిలో ఫార్మలిన్, రెండోదానిలో ఉత్త నార్మల్ సెలైన్. ఇది సర్జన్‌కు కాదు, థియేటర్ నర్సుకు అప్పగించాల్సిన పని.

ఏ పరీక్ష ముందు

మొదట టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్ష: సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ. ఎక్స్‌రే అనుమానాన్ని పెంచుతుంది, నిర్ధారించదు. రక్తంలో టీబీ యాంటీబాడీలు చూసే పరీక్షలను 2012లోనే కేంద్రం నిషేధించింది. మాంటూ, ఇగ్రా పరీక్షలు క్రిమి ఒంట్లోకి చేరిందని చెబుతాయి గానీ జబ్బు ఉందని చెప్పవు. వీటి మీద పెద్దవాళ్లకు చికిత్స మొదలుపెట్టకూడదు.

రిపోర్టు చదివేటప్పుడు రెండు చోట్ల తప్పు జరుగుతుంది. ట్రూనాట్‌లో టీబీ క్రిమిని ఒక చిప్, రిఫాంపిసిన్ నిరోధకతను ఇంకో చిప్ చూస్తాయి. మొదటిది పాజిటివ్ రాగానే రెండోది వేయకుండా రిపోర్టు ఇచ్చేస్తే అది సగం రిపోర్టే, వెనక్కి పంపండి. ఎర్రర్, ఇన్‌వాలిడ్, ఇండిటర్మినేట్ అని వస్తే నెగటివ్ అని అర్థం కాదు, కొత్త నమూనా కావాలని అర్థం.

రెండో తప్పు మరీ మామూలు. రిఫాంపిసిన్ పనిచేస్తుందని రాగానే అంతా బాగుందనుకుంటారు. మామూలుగా చేసే ఈ పరీక్షలు ఐసోనియాజిడ్ గురించి ఏమీ చెప్పవు. అందుకు నమూనాను ఎల్‌పీఏకి, అంటే క్రిమి ఏ మందులకు లొంగదో చూపే ఇంకో జన్యు పరీక్షకు, పంపాలి. చికిత్స ఈలోగా మొదలుపెట్టొచ్చు. కానీ ఎల్‌పీఏ ఫలితం ఫైల్లోకి చేరిందా లేదా చూసే మనిషి ఉండాలి. లేకపోతే ఐసోనియాజిడ్‌కు లొంగని రోగి ఆరు నెలలూ మామూలు మందుల మీదే గడిపేస్తాడు. చివరి నాలుగు నెలల్లో, అంటే సీపీలో, అతనికి పనిచేసే మందులు రిఫాంపిసిన్, ఇథాంబుటాల్ మాత్రమే. అతనికి ఇవ్వాల్సింది లెవోఫ్లాక్సాసిన్, రిఫాంపిసిన్, ఇథాంబుటాల్, పైరాజినమైడ్, ఆరు నెలలు.

రిఫాంపిసిన్‌కే నిరోధకత వస్తే చిన్న ఆసుపత్రి చేయాల్సింది ఒక్కటే: జిల్లా డీఆర్ టీబీ (మందులకు లొంగని టీబీ) కేంద్రానికి పంపడం. అక్కడ ఈసీజీ, రక్త పరీక్షలు చూసి ఏ చికిత్సో తేలుస్తారు. 2024లో కేంద్రం అనుమతించిన ఆరు నెలల బీపాల్‌ఎం (నాలుగు మందుల చికిత్స) కూడా అందులో ఒకటి. పంపేలోపు ఉన్న మందులకు ఇంకొకటి జోడించి చూద్దామనుకోవద్దు. ఫలించని చికిత్సకు ఒకే ఒక్క కొత్త మందు కలిపితే ఆ కొత్త మందు కూడా చేజారుతుంది.

బరువు చూసి మాత్రలు

మామూలు టీబీకి మొదటి రెండు నెలల్లో, అంటే ఐపీలో, నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలల సీపీలో మూడు. సీపీలో తీసేసేది పైరాజినమైడ్ మాత్రమే, మన దేశంలో ఇథాంబుటాల్ చివరిదాకా ఉంటుంది. ఐపీ మాత్ర ఒక్కోదానిలో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరాజినమైడ్ 400, ఇథాంబుటాల్ 275 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు ఎన్ని మాత్రలంటే:

25–34 కిలోలు: 2
35–49 కిలోలు: 3
50–64 కిలోలు: 4
65–75 కిలోలు: 5
75 కిలోలు దాటితే: 6

ఈ పట్టిక బరువు మిషన్ పక్కన గోడ మీద ఉండాలి, డాక్టరు సొరుగులో కాదు. బజార్లో దొరికే చాలా కిట్లలో రిఫాంపిసిన్ 450 మిల్లీగ్రాములే ఉంటుంది. 60 కిలోల మనిషికి అది కిలోకు 7.5 చొప్పున పడుతుంది. పడాల్సింది 8 నుంచి 12, లక్ష్యం 10. అదే మనిషికి పై పట్టిక ప్రకారం నాలుగు మాత్రలు, అంటే 600. అందరికీ ఒకే కిట్ రాసే అలవాటు సన్నవాళ్లకు ఎక్కువ మోతాదు, లావువాళ్లకు తక్కువ మోతాదు ఇస్తుంది.

చికిత్స పని చేస్తుంటే బరువు పెరుగుతుంది. 5 కిలోలకు పైగా పెరిగి తరువాతి వరుసలోకి వెళితే మాత్రల లెక్కా మారాలి. 48 కిలోలతో మొదలై 54కు వచ్చిన మనిషికి ఇంకా మూడే ఇస్తూ ఉండటం తరచూ కనిపించే పొరపాటు.

మొదటి రోజు చూడాల్సినవి

హెచ్ఐవీ, షుగర్ పరీక్షలు అందరికీ. మద్యం అలవాటు, కాలేయ జబ్బు చరిత్ర ఉంటే ఎల్ఎఫ్‌టీ (కాలేయం పనితీరు చూసే రక్త పరీక్ష). వేసుకునే మిగతా మందులన్నీ అడిగి రాయాలి. రిఫాంపిసిన్ చాలా మందుల బలం తగ్గిస్తుంది: గ్లిమెపిరైడ్ వేసుకునేవాళ్లకు షుగర్ పెరుగుతుంది, గర్భనిరోధక మాత్రలు నమ్మకంగా పనిచేయవు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ చాలదు. హెచ్ఐవీకి డోలుటెగ్రావిర్ వాడుతుంటే 50 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇవ్వాలి.

ఎవరిని పడక మీద పెట్టాలో తేల్చడానికి తమిళనాడు 2022లో మొదలుపెట్టిన పద్ధతిని మించింది మాకు కనబడలేదు. టీబీ మరణాల్లో ఎక్కువ భాగం మొదటి రెండు నెలల్లోనే కాబట్టి, నిర్ధారణ అయిన రోజే నర్సు నాలుగు సంగతులు చూస్తుంది. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 14 లోపు ఉందా, లేదా 16 లోపు ఉండి రెండు కాళ్లూ వాచాయా. శ్వాస నిమిషానికి 24 దాటిందా. ఆక్సిజన్ 94 కన్నా తగ్గిందా. ఆసరా లేకుండా నిలబడలేకపోతున్నారా. ఒక్కటి ఉన్నా డాక్టరు చూసి చేర్చుకునే విషయం తేలుస్తారు. దీనికి లాబ్ అక్కర్లేదు. బరువు మిషన్, కొలత టేపు, పల్స్ ఆక్సిమీటర్, గడియారం చాలు.

మందులు పడకపోతే

ఇక్కడే చీటీలు ఎక్కువగా చెదిరిపోతాయి. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడి మందులు మానేస్తారు. ఇది రిఫాంపిసిన్ రంగేనని మొదటి రోజే చెప్పాలి. కాస్త వికారానికి మందులు ఆపకూడదు, తేలికైన తిండి తిన్నాక వేసుకోమనాలి. అరికాళ్ల మంటలు రాకుండా పైరిడాక్సిన్ 10 మిల్లీగ్రాములు రోజూ ఇవ్వాలి.

కాలేయం సంగతి అంత తేలిక కాదు. వాంతులు, కామెర్లు ఉండి ఎస్‌జీపీటీ (రక్తంలో కాలేయ ఎంజైమ్) మామూలు గరిష్ఠానికి మూడు రెట్లు దాటినా, ఏ బాధా లేకుండా ఐదు రెట్లు దాటినా, టీబీ మందులన్నీ ఆపాలి. సగం మందులు ఆపి సగం కొనసాగించడం పెద్ద తప్పు. బాధలు తగ్గి, ఎస్‌జీపీటీ రెండు రెట్ల లోపుకు దిగాక ఒక్కొక్కటే మొదలుపెట్టాలి. మొదట రిఫాంపిసిన్, మూడు నుంచి ఏడు రోజుల తర్వాత మళ్లీ పరీక్ష చూసి ఐసోనియాజిడ్. కామెర్లు తీవ్రంగా వచ్చినవాళ్లకు పైరాజినమైడ్ మళ్లీ ఇవ్వకపోవడమే మేలు. అయితే అది లేని చికిత్సకు నెలలు పెంచాలి కాబట్టి ఆ నిర్ణయం జిల్లా స్థాయిలో అడిగి తీసుకోండి.

ఇథాంబుటాల్ ఆరు నెలలూ ఉంటుంది కాబట్టి నెలనెలా కళ్లు చూడాలి. ఒక కన్ను మూయించి దినపత్రికలో చిన్న అక్షరాలు చదివించండి, చదువురానివాళ్లకు వేళ్లు లెక్కపెట్టించండి. ఎరుపు, ఆకుపచ్చ గుర్తుపట్టగలరో చూడండి. తేడా వస్తే ఆ మందు ఆపి కంటి డాక్టరుకు పంపాలి.

రెండో నెల చివర, ఆరో నెల చివర

ఈ రెండు చోట్లా తెమడను మైక్రోస్కోప్‌లో చూడాలి, సీబీనాట్‌తో కాదు. చచ్చిన క్రిమి డీఎన్ఏను కూడా అది పట్టుకుంటుంది, తగ్గుతున్న రోగికి పాజిటివ్ అని చెప్పి కంగారు పెడుతుంది. రెండో నెల చివర కూడా మైక్రోస్కోప్‌లో క్రిమి కనిపిస్తే మాత్రం నిరోధకత పరీక్షలు మళ్లీ చేయించాలి, మందులు నిజంగా మింగారో లేదో చూడాలి. ఊరికే ఐపీని ఇంకో నెల పొడిగించే పాత అలవాటు ఇప్పుడు లేదు. మెదడు, ఎముకల టీబీకి మాత్రం సీపీని పెంచుతారు.

కాగితంలో ఉండాల్సిన ప్రభుత్వ పనులు

2012 నుంచి ప్రతి కేసూ నమోదు చేయడం తప్పనిసరి, ప్రైవేటుకూ ఇదే వర్తిస్తుంది. టీబీ కేసుల ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో చేరిస్తేనే రోగికి ఉచిత మందులు, పోషణ డబ్బు. 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు, 3,000 చొప్పున రెండు విడతలు: నిర్ధారణ అయినప్పుడు ఒకటి, చికిత్స 84 రోజులు పూర్తయ్యాక ఇంకొకటి. బ్యాంకు ఖాతా వివరాల్లో తప్పులుంటే డబ్బు ఆగిపోతుంది. పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో మొదటి రోజే తీసుకోండి.

ఇంట్లో ఉండేవాళ్లందరి పేర్లు రాసుకుని లక్షణాలు అడగాలి. జబ్బు లేదని తేలినవాళ్లకు నివారణ చికిత్స: ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్, లేదా వారానికోసారి చొప్పున పన్నెండు వారాలు ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్. జబ్బు ఉన్న మనిషికి పొరపాటున ఒక్క ఐసోనియాజిడ్ ఇస్తే నిరోధకతను చేతులారా తయారుచేసినట్టే. అందుకే లక్షణాల ప్రశ్నలు అడగకుండా మాత్రలు పంచకూడదు.

మూడు నెలలకోసారి లెక్క

వరసగా ఇరవై ఫైళ్లు తీయండి, ఏరుకోవద్దు. ఆరు ప్రశ్నలు. మొదటి మాత్రకు ముందే జన్యు పరీక్షకు నమూనా వెళ్లిందా? మాత్రల సంఖ్య ఆ నెల బరువుకు సరిపోయిందా? హెచ్ఐవీ, షుగర్ ఫలితాలు వారంలోపు వచ్చాయా? ఎల్‌పీఏ రిపోర్టు ఫైల్లో ఉందా? రెండో నెల తెమడ చూశారా? ఇంటివాళ్ల జాబితా ఉందా? పోర్టల్‌లో ఎంట్రీ చూసి టిక్కు పెట్టకండి, కాగితం కనిపిస్తేనే పెట్టండి. చీటీ రాసిన డాక్టరు కాకుండా ఫార్మసిస్టో స్టాఫ్ నర్సో లెక్క తీస్తే నిజం బయటపడుతుంది.

ఒకే ప్రశ్న దగ్గర ఇరవైలో ఆరేడు ఫైళ్లు తప్పితే మనుషుల్ని తిట్టి లాభం లేదు. ఎల్‌పీఏ రిపోర్టులు లేవంటే అవి ఎవరి ఫోన్‌కు వస్తున్నాయో చూడండి. చాలాసార్లు బదిలీ అయిపోయిన లాబ్ టెక్నీషియన్ నంబరుకు వస్తుంటాయి. నంబరు మార్పించి, ఆ పని ఎవరి హోదాదో కాగితంలో దిద్ది, కొత్త తేదీ వేసి అంటించండి.