కరెంటు పోయింది కదా అని ట్యాంకులో చెయ్యి పెట్టకండి: ఎండాకాలానికి ముందు ఉప్పునీటి అక్వేరియం పంపుల జాగ్రత్తలు

పోయిన ఆదివారం అనంతపురం కమలానగర్‌లో ఒక ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. ఇంటర్ చదివే పిల్లాడు సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి ట్యాంకు కింద ఉండే సంప్‌లోంచి, అంటే నీళ్లు వడకట్టే తొట్టిలోంచి, పంపు తీసి కడగబోయాడు. నేను వెళ్లేసరికి అప్పుడే ఆసుపత్రి నుంచి తీసుకొచ్చారు. కుడి అరచేతిలో బొటనవేలి కింద రూపాయి బిళ్లంత మచ్చ, నడుమ తెల్లగా, అంచులు నల్లగా. "కరెంటు లేదు కదన్నా, ఇదే మంచి టైమ్ అనుకున్నా" అన్నాడు. చెయ్యి నీళ్లలో ఉండగా కరెంటు వచ్చేసింది.

ఇలాంటిది నేను చూడటం ఇది మూడోసారి. మొదటిసారి ఆ ఇంటాయన దక్కలేదు. ఎండలు ముదిరితే కోతలూ మొదలవుతాయి కాబట్టి ఇప్పుడే రాస్తున్నా. మేత ఎంత వేయాలి, నీళ్లు ఎప్పుడు మార్చాలి అనేవి ఈ ట్యాంకు పెట్టుకున్న వాళ్లకు తెలిసినవే, వాటి జోలికి పోను.

ముందు ప్లగ్గు, తర్వాత చెయ్యి

కరెంటు పోవడం వేరు, ప్లగ్గు పీకడం వేరు. పోయిన కరెంటు మనకు చెప్పి రాదు.

స్విచ్ ఆపడం కూడా చాలదు. స్విచ్ ఫేజ్ వైరు మీద ఉండాలి. వైరింగ్ చేసినవాళ్లు పొరపాటున న్యూట్రల్ మీద పెట్టి ఉంటే, స్విచ్ ఆపగానే పంపు ఆగుతుంది గానీ పంపు దాకా ఫేజ్ అలాగే ఉంటుంది. చూడటానికి అంతా ఆగినట్టే ఉంటుంది. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో మెయిన్ దించినా ఆ లైను బతికే ఉంటుంది. అందుకే ప్లగ్గు పీకి, బోర్డుకు దూరంగా, కంటికి కనిపించేలా నేల మీద పెట్టి, అప్పుడు చెయ్యి పెట్టండి. ఒక పంపు కోసమే అయినా ట్యాంకుకు వాడే అన్ని ప్లగ్గులూ పీకాలి. హీటరు, నీళ్లలో అలలు పుట్టించే వేవ్‌మేకర్, లైటు, అన్నీ.

సముద్రపు నీళ్లలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉన్నా, వాటికన్నా ఈ నీళ్లు ఎన్నో రెట్లు తేలిగ్గా కరెంటును మోస్తాయి. తడిసిన చర్మం దాన్ని ఆపలేదు.

ఎండాకాలంలోనే ఎందుకు

మన దగ్గర గాలి పొడి. మార్చి దాటితే సంప్‌లో నీటిమట్టం రోజూ వేళ్ల లెక్కన తగ్గుతుంది. పంపు గాలి పీల్చడం మొదలుపెడుతుంది, వేడెక్కుతుంది, దాని పైతొడుగు సన్నగా చిట్లుతుంది, ఆ చీలికలోంచి ఉప్పునీళ్లు కాయిల్ దాకా పోతాయి. పంపు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అలాంటి పంపే ఆ పిల్లాడి చేతికి తగిలింది. తగ్గిన నీటికి ఆర్‌వో నీళ్లే పొయ్యండి, ఉప్పునీళ్లు పోయకండి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే ఉంటుంది.

ఇంకొకటి. నెలల తరబడి కడగని పంపు ఆగకుండా తిరిగినంత కాలం బాగానే తిరుగుతుంది. లోపల నీళ్లను తోసే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్ చుట్టూ సున్నం పేరుకుని ఉంటుంది. ఒకసారి కరెంటు పోయి వస్తే పట్టేస్తుంది, గుయ్యిమని మోగుతుంది, తిరగదు. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మనకు టెన్షన్. వేలితో ఒక్కసారి కదిపితే తిరుగుతుందిలే అని చెయ్యి పెడతాం. ప్లగ్గు ఉండగానే. నేను చూసిన రెండో ప్రమాదం ఇదే.

కాబట్టి బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి కొని పక్కన పెట్టుకోండి. కరెంటు పోగానే అది వెయ్యండి. చేపలకు ఊపిరి ఆడుతుంటే మీరు తొందరపడరు.

కడగడం

ప్లగ్గు పీకారా? సరే. పంపు తీసి బకెట్లో వెయ్యండి. తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్లు ఒక వంతు. వెనిగర్ లేకపోతే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు లీటరు నీళ్లకు రెండు మూడు స్పూన్లు చాలు. బుడగలు వస్తాయి, అది సున్నం కరుగుతున్న గుర్తు. అరగంట నుంచి గంట. బాగా పేరుకుంటే ఇంకాసేపు. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో ఇంపెల్లర్‌నూ, అది కూర్చునే గుంటనూ రుద్దండి. ఇంపెల్లర్ నడుమ ఉండే పింగాణీ కడ్డీ సుద్దముక్కలా పుటుక్కున విరుగుతుంది, బలవంతంగా లాగొద్దు. ఇంపెల్లర్‌కున్న అయస్కాంతం ఉబ్బినా, పగిలి తుప్పు కారుతున్నా అది పనికిరాదు, కొత్తది వేయించండి. మంచినీళ్లతో రెండుసార్లు కడిగి బిగించండి.

బాత్రూమ్ యాసిడ్ వద్దు. సబ్బు వద్దు. వెనిగర్‌లో బ్లీచింగ్ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ఇక మిగతావి:

- పంపు వైరు మొత్తం వేళ్ల మధ్య జరుపుతూ చూడండి. గీత, ఉబ్బు, గట్టిపడిన చోటు కనిపిస్తే పంపు పారేయండి. టేపు చుట్టొద్దు.
- వైరు ప్లగ్గు కన్నా కిందికి వంగి మళ్లీ పైకి రావాలి. జారిన నీటి చుక్క అక్కడే నేల మీద పడిపోతుంది, బోర్డులోకి పోదు.
- ఎక్స్‌టెన్షన్ బాక్స్ సంప్ పక్కన నేల మీద ఉందా? ఇప్పుడే గోడకెక్కించండి.
- ప్లగ్గు కాళ్ల మీద పచ్చగా చిలుము, తెల్లగా ఉప్పు కనబడితే మార్చండి.
- కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కండి. అది ఉన్నా ప్లగ్గు పీకాల్సిందే.
- నీళ్లు ట్యాంకులోకి వచ్చే పైపుకు నీటిమట్టం దగ్గర సన్నటి రంధ్రం ఉంటుంది, పుల్లతో పొడిచి శుభ్రం చెయ్యండి. అది మూసుకుంటే కరెంటు పోయినప్పుడు ట్యాంకు నీళ్లు వెనక్కి జారి సంప్ పొంగుతుంది, కిందున్న బోర్డు తడుస్తుంది.
- చేతికి పుండు ఉంటే గ్లవ్స్ లేకుండా నీళ్లలో పెట్టొద్దు.
- పంపు మీద జోవాంథిడ్ పాలిప్స్ (పగడాల్లాంటి చిన్న జీవులు) పెరిగితే గీకొద్దు, వేడినీళ్లు పోయొద్దు. కొన్నింటిలో ఉండే పాలీటాక్సిన్ అనే విషం ఆవిరితో, తుంపరతో ఒంట్లోకి పోతుంది.
- డీసీ పంపు అయినా అడాప్టర్ దాకా వచ్చేది 230 వోల్టులే. ప్లగ్గు పీకండి.
- కడిగిన పంపును బకెట్లో తిప్పి చూస్తున్నప్పుడు అందులో చెయ్యి పెట్టొద్దు. ఆపాలంటే ప్లగ్గు పీకండి.
- తడి చేత్తో ప్లగ్గు ముట్టొద్దు. ఒట్టి కాళ్లతో తడి నేల మీద నిలబడొద్దు.
- ఎవరికైనా షాక్ తగిలి నీళ్లకు అతుక్కుపోతే ముట్టుకోవద్దు. మెయిన్ దించండి, ఇన్వర్టర్ ఆపండి, 108కి ఫోన్ చెయ్యండి.
- పిల్లలకు ఈ పని ఒంటరిగా అప్పజెప్పొద్దు.
- కరెంటు లేనప్పుడు కూడా, ముందు ప్లగ్గు పీకండి.